పన్నెండో నిమిషం దగ్గర

వీధిలో అందరూ ఆయన్ని ‘కదలొద్దు మాస్టారు’ అనేవారు. ముప్ఫయ్యేళ్లుగా తన ఫొటో స్టూడియోలో తెల్ల తెర ముందు, స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషికీ ఆయన చెప్పేవి రెండే మాటలు: కదలొద్దు, మాట్లాడొద్దు.

గోడకు అవతల భార్య కుట్టుమిషను. ఆవిడకు ఆ రెండూ చేతకావు. కాజాలు కుడుతూ, పెడలు తొక్కుతూ పొద్దుగూకేదాకా మాట్లాడుతూనే ఉండేది. ఆ గొంతు గోడ దాటి వస్తుంటేనే ఆయనకు పని సాగేది.

ఇప్పుడా గొంతులో గడ్డ లేచింది. గురువారం ఆపరేషను. “ప్రాణానికి భయం లేదు. గొంతు మాత్రం ఇలాగే ఉంటుందని చెప్పలేను,” అన్నాడు డాక్టరు.

ఆయన ఇంటికి రాగానే కొత్త కెమెరా బయటికి తీశారు. కొని నెలైనా వీడియో జోలికి పోలేదు. ముందు గోడ గడియారం మీద పెట్టి పరీక్షించారు. సరిగ్గా పన్నెండు నిమిషాలకు దానంతటదే ఆగిపోయింది.

“పన్నెండేనా? నాకు గొంతు సవరించుకోవడానికే సరిపోదు,” అంది ఆవిడ.

కెమెరాలు బాగుచేసే మిత్రుడు తిప్పి తిప్పి చూశాడు. “పాడేం కాలేదన్నా. ఒక్కో ఫైలుకీ అంతే హద్దు పెట్టారు. కానీ కంపెనీవాళ్లు లోపలి సాఫ్ట్‌వేర్ దాచుకోలేదు, బయటివాళ్లు మార్చుకోవచ్చని వదిలేశారు. ఎవరో పుణ్యాత్ముడు చిన్న ప్రోగ్రాము రాసిపెట్టాడు. ఒక ముక్క ఆగగానే అదే రెండోది మొదలుపెడుతుంది. మధ్యలో రెండు మూడు సెకన్లు పోతాయంతే.”

“తేడా వస్తే?”

“ఇక కాగితాలు ఎగరకుండా పెట్టుకోవడానికి పనికొస్తుంది.”

ఆయన కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచి మిత్రుడి చేతికిచ్చారు. “ఎక్కించు.”

బుధవారం పొద్దున కిటికీ వెలుతురు ఎడమ చెంప మీద పడేలా భార్యను స్టూలు మీద కూర్చోబెట్టి, స్టాండు బిగించి మీట నొక్కారు. ఆవిడ వెన్ను నిటారుగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, పెదవి కదపకుండా చూసింది.

“మాట్లాడు.”

“ఇక్కడ కూర్చుంటే నోరు రాదు. మీ పుణ్యమే.”

ఆయన పక్క గదికి వెళ్లి, సగం కుట్టిన చొక్కా తెచ్చి ఒళ్లో వేశారు. సూది గుడ్డలో దిగగానే ఆవిడకు మాట కదిలింది. నడుము కొలత తగ్గించి చెప్పిన ఒక లావుపాటాయన గురించి, కత్తెర పట్టడం నేర్పిన పిన్ని గురించి చెప్పి, ఆ తర్వాత తమ ఇద్దరి దగ్గరికీ వచ్చింది.

“మొదటిసారి నా ఫొటో తీసిందీ ఈ స్టూలు మీదే కదా. నవ్వొద్దన్నారు. అప్పుడు మిమ్మల్ని చూసి ఏమనుకున్నానంటే…”

ఆయన చూపు రికార్డవుతోందని చూపే కెమెరా ఎర్ర చుక్క మీద ఉంది. పన్నెండో నిమిషం. చుక్క ఆరింది. ఆయన ఊపిరి బిగబట్టారు. చుక్క మళ్లీ వెలిగింది.

“…అంతే, ఇంటికెళ్లి అమ్మతో పెళ్లికి సరేనన్నాను,” అని ఆవిడ దారం కొరికింది.

ఆయన తల ఊపారు. ముక్కలన్నీ కలిపి గంటా పది నిమిషాలు రికార్డయింది.

ఆపరేషను తర్వాత మూడు వారాలు మాట్లాడొద్దన్నారు. గోడకు అవతల మిషను చప్పుడొక్కటే. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ వీడియో వినేవారు. ‘ఏమనుకున్నానంటే’ దగ్గర ఆగిపోయేది. తర్వాత ‘అంతే’. వెనక్కి తిప్పి మళ్లీ వినేవారు. ఆ మాట అంటున్నప్పుడు తను మూడడుగుల దూరంలోనే ఉన్నారు, అయినా చెవిన పడలేదు. ఒకరోజు ఆవిడ ముందు కాగితం, పెన్సిలు పెట్టి అడిగారు. ఆవిడ పెన్సిలు తీసుకుని చెవి వెనక దోపుకుంది, ఏమీ రాయలేదు.

డాక్టరు ఇక మాట్లాడొచ్చన్న రోజు, ఇల్లు చేరాక ఆవిడ పిలిచింది.

“ఏమండీ.”

కోరా గుడ్డ చింపినట్టుంది గొంతు. ఆయన స్టాండు కోసం పరిగెత్తబోయారు.

“దాన్నక్కడే ఉంచండి. ఆ రోజు చుక్కని చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు నన్ను చూడండి, చెప్తాను.”

ఆయన కెమెరాకు మూత పెట్టి, స్టూలు మిషను పక్కకు లాక్కుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

“కదలొద్దు,” అంది ఆవిడ.