రెడ్డెప్ప సార్ చెవి

పుంగనూరులో మోటారు వైండింగ్ దుకాణం పైగదిలో రెడ్డెప్ప ఆదివారాలు మోర్స్ కోడ్ నేర్పుతాడు. పొట్టి కూత, పొడుగు కూత చెవితోనే పోల్చుకుని అక్షరం రాయాలంటాడు. కూత విని తెరమీద అక్షరాలు చూపించే ఫోన్ యాప్ మాటెత్తితే ఆయనకు మంట. "దేవుడు చెవులు యాల ఇచ్చినాడప్పా, కళ్లజోడు తగిలించుకునేదానికా?" అంటాడు. వచ్చినవాళ్ల ఫోన్లన్నీ మెట్ల దగ్గర బుట్టలో వేయిస్తాడు. తన ఫోన్ మాత్రం ఓరగా తెరిచిన బల్ల సొరుగులో, అదే యాప్‌తో వెలుగుతుంటుంది. కూత మొదలవగానే రెప్పలు వాల్చి తల వంచుతాడు. అది ఏకాగ్రత అని అందరి నమ్మకం. ఆ నమ్మకంతోనే కుప్పం నుంచి కూడా జనం వస్తారు.

మొన్న, చేరాలా వద్దా అని తటపటాయిస్తున్న కొత్తవాళ్లు సార్ చెవి పనితనం ఒకసారి చూడాలన్నారు. ముందు వరుసలో కూర్చునే రోజా, మదనపల్లె బ్యాంకు ఉద్యోగి, కూతలు కొట్టే మీట అందుకుని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు వాక్యం టకటకా కొట్టింది. రెడ్డెప్ప తల వంచి, అర్థం తట్టేలోపే, ఒక్కో మాటా గట్టిగా చదివేశాడు: "సార్... మీ... సొరుగు... తెరిచుండాది."

రోజా మీట వదిలి వినయంగా అంది: "ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు సార్."