ఆముదం తాగిన తోలుపట్టా

ఆ రోజుల్లో మాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలిసినవి బొత్తిగా తక్కువ కావడంతో ఆ ధీమా చాలాకాలం చెక్కుచెదరకుండా నిలిచింది. యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చరిత్రలో ఎం.ఏ. చదివేవాణ్ని. అటెండెన్సు అంతంతమాత్రం, సలహాలివ్వడంలో మాత్రం ముందుండేవాణ్ని. ఎవరి సైకిలు చెడినా, ఎవరి ప్రేమ చెడినా నేనే చెయ్యి పెట్టాలి. (రెండూ నేను చెయ్యి పెట్టాక మరీ చెడేవని మా రూమ్మేట్ అనేవాడు. అతణ్ని ఊరి పేరుతో బాపట్ల అని పిలిచేవాళ్లం.)

తార్నాక చౌరస్తా దాటి లోపలి గల్లీలోకి వెళ్తే రెండు కుర్చీల క్షౌరశాల ఒకటి ఉండేది. దాన్ని నడిపే పెద్దమనిషిని అందరూ ఉస్తాద్ అనేవారు. అప్పటికే మిగతా షాపుల్లో ఒకసారి వాడి పారేసే బ్లేళ్లు వచ్చేశాయి కానీ, ఉస్తాద్ మాత్రం మడతకత్తిని వదల్లేదు. గడ్డం గీసే ముందు ఆ కత్తిని గోడకు వేలాడే తోలుపట్టా మీద అటూ ఇటూ లాగేవాడు. టప్, టప్ అని చప్పుడు వచ్చేది. అంచు అప్పుడే నున్నబడి, చర్మాన్ని కోయకుండా వెంట్రుకను తెంపుతుందట. ఆ చప్పుడు వినడానికే వస్తున్నట్టు ప్రతి శనివారం పొద్దున ఎనిమిదింటికి మా శాఖాధిపతి పెద్దసారు వచ్చి కూర్చునేవారు. ఇరవై ఏళ్లుగా ఆయన చెంప మీద మరో చెయ్యి పడలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం క్రాపు కోసం వెళ్తే ఉస్తాద్ దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తోలుపట్టా ఉంది. వానకు పైకప్పు కారి తడిసిందట. ఆయన దాన్ని రేకుల మీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరబెట్టాడు. దాంతో అది అప్పడంలా బిగిసిపోయింది.

"రేపు పెద్దసారు రిటైర్ అయితున్నడు. సన్మానమట. పొద్దుగాల గీడికే వస్తనన్నడు. గిట్ల కట్టెలెక్క ఉంటే కత్తి ఎట్ల లాగాలె? ఆఖరి రోజు సారు మొఖం మీద గాటు వెట్టి పంపాల్నా?" అన్నాడు.

నా రక్తం పొంగింది. "గీ మాత్రానికేంది ఉస్తాద్! మాది మోట కొట్టిన ఇల్లు. నీళ్లు తోడే తోలు తొండాన్ని మా తాత ఆముదం వెట్టి పట్టుబట్ట లెక్క జేసేటోడు. నాకియ్యి, తెల్లారేసరికి మెత్తగ జేసి తెస్తా."

(తాత ఆ పని చేస్తుంటే నేను మంచం మీద కూర్చుని పల్లీలు తినేవాణ్ని. ఆ మాట ఉస్తాద్‌కు చెప్పాల్సిన అవసరం కనిపించలేదు.)

"నాకు పని నేర్పినాయన ఇచ్చిపోయిండు బిడ్డా. పైలం," అంటూ చేతికిచ్చాడు.

బస్సెక్కి నల్లకుంట వెళ్లి సీసా నిండా గానుగ ఆముదం తెచ్చాను. గదిలో అడుగుపెట్టగానే బాపట్ల ముక్కు మూసుకున్నాడు.

"ఏంట్రా అది, ఎండుచేపా? మెస్సులో ఇచ్చెయ్, పులుసు పెడతారు."

"నోర్ముయ్. రేపు పెద్దసారు పరువు దీని మీదే ఉన్నది."

వార్త వరండా అంతా పాకింది. పావుగంటలో మా గది నిండిపోయింది. నూనె వెచ్చగా ఉండాలని ఒకడు, తోలు పూర్తిగా మునగాలని ఇంకొకడు. హాస్టల్లో నిషేధమైన హీటరు మంచం కింద నుంచి బయటికొచ్చింది. మెస్సు నుంచి పెద్ద పళ్లెం వచ్చింది. పట్టాను గోరువెచ్చని ఆముదంలో ముంచి, తేలకుండా పైన బాపట్ల డిక్షనరీ పెట్టి పడుకున్నాం.

తెల్లారి తీసి చూస్తే అద్భుతం! మడిస్తే మడత పడుతోంది, ముడేస్తే ముడి పడుతోంది. వరండా అంతా ఈలలు. "ఆముదం జిందాబాద్" అని ఎవడో అరిచాడు. ఎనిమిది కావస్తోంది. పట్టాను రెండు చేతులా ఎత్తి పట్టుకుని క్యాంపస్ గేటు దాటి పరుగు తీశాను. వెనకే బాపట్ల, అతని వెనక మరో నలుగురు. నూనె మోచేతుల దాకా కారుతోంది. కాచిగూడ బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా మాకు దారిచ్చారు.

పెద్దసారు అప్పటికే కుర్చీలో ఉన్నారు. ముఖం నిండా నురగ, చేతిలో ఆ రోజు పేపరు. ఉస్తాద్ కళ్లు మెరిశాయి. పట్టాను కొక్కేనికి తగిలించి, కింది కొస పట్టుకుని కత్తి లాగాడు. టప్‌మని చప్పుడు రాలేదు. జర్రున జారింది. మళ్లీ లాగాడు. బిగువు లేని తోలు కత్తి కింద ఊయలలా వంగిపోయింది. అంచు మీదికి నూనె చేరింది. తన ముంజేతి వెంట్రుక మీద కత్తి పెట్టి చూశాడు. వెంట్రుక వంగింది, తెగలేదు.

"ఏం జేసినవ్ బిడ్డా?" అన్నాడు మెల్లగా. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

"ఏమిటోయ్ ఉస్తాదూ, నురగ ఆరిపోతోంది. అవతల పదింటికి సభ," అన్నారు సారు.

"తప్పు నాది సార్. ఆముదంల నానవెట్టిన," అన్నాను.

ఆయన నన్ను అద్దంలో పరిశీలించారు. "నువ్వా! పరీక్షలోనూ ఇంతే. రెండు వాక్యాలు అడిగితే రెండు అడిషనల్ షీట్లు."

ఉస్తాద్ మాత్రం ఇదేమీ వినడం లేదు. కత్తిని గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టడానికి కుర్చీ చేతుల మీద వేసే చెక్కను కిందికి దించాడు. "సార్, జర ఆ పేపర్ ఇయ్యుండ్రి."

"ఎడిటోరియల్ ఇంకా చదవలేదయ్యా!"

"గదైతే ఇంకా మంచిది సార్. సిరా దండిగుంటది, కత్తి అంచు నున్నగైతది."

పేపరును పొడుగ్గా నాలుగు మడతలు వేసి చెక్క మీద పరిచి, రెండు కొసలూ నన్నూ బాపట్లనూ బిగించి పట్టుకోమన్నాడు. దాని మీద కత్తిని అటు ముప్పై, ఇటు ముప్పై సార్లు లాగాడు. మళ్లీ ముంజేతి మీద పెట్టాడు. ఈసారి వెంట్రుక ఎగిరిపోయింది. కొత్తగా నురగ పూసి గీయడం మొదలుపెట్టాడు. కత్తి కంఠం దగ్గరికొచ్చినప్పుడు బాపట్ల కళ్లు మూసుకున్నాడు. చివరికి ముఖం తుడిచాక ఎర్రచుక్క ఒక్కటీ లేదు! బయట నిలబడ్డ మావాళ్లు చప్పట్లు కొట్టారు. సభలో వక్తలు పొగుడుతున్నంతసేపూ పెద్దసారు చెంప నిమురుకుంటూనే ఉన్నారు.

నా శిక్ష సోమవారం మొదలైంది. బియ్యప్పిండి అద్ది, తుడిచి, మళ్లీ అద్ది, తోలు తాగిన ఆముదాన్ని కక్కించడానికే వారం పట్టింది. ఆ తర్వాత రోజూ క్లాసుకు ముందు అరగంట ఉత్త అరచేత్తో రుద్దాలి. "నూనెతోటి కాదు బిడ్డా. చెయ్యి వెచ్చగ తాకుతుంటే తోలు దానంతటదే మాట ఇంటది," అనేవాడు ఉస్తాద్. రెండు నెలలయ్యాక ఒక పొద్దున టప్ మంది. నేను కుర్చీలోంచి లేచి గంతేశాను.

ఆ శనివారం పెద్దసారు రాగానే ఉస్తాద్ గర్వంగా పట్టా చూపించాడు. "పిలగాడు మంచిగ జేసిండు సార్."

సారు దాన్ని వేలితో నిమిరి, తల పంకించి కుర్చీలో వెనక్కి వాలారు. చంకలోని పేపరు తీసి ఉస్తాద్‌కు అందించారు. "బాగుంది, బాగుంది. కానీ దీని మీదే లాగవోయ్. ఎడిటోరియల్ ఇంట్లోనే చదివేసి వచ్చాను."

ఆ తర్వాత నేను పేపర్లోనే ఉద్యోగం చేశాను. రాసే ముందు పదిసార్లు ఆగడం, అడగడం, సరిచూసుకోవడం అక్కడే నేర్చుకున్నాను. దానివల్ల తప్పులు తగ్గాయి, నిజమే. కానీ మోచేతుల దాకా నూనె కారుతుంటే, గెలిచేశానన్న నమ్మకంతో తార్నాక రోడ్డు మీద పరుగెత్తిన ఆ తెలివితక్కువవాడు గుర్తొస్తే కొంచెం అసూయగా ఉంటుంది. అంత వేగంగా నేను మళ్లీ ఎక్కడికీ పరుగెత్తలేదు.