మా అన్న చేతిలో జమ్మి

ఈ బరువును గుండెల మీద పెట్టుకుని ఏళ్లుగా తిరుగుతున్నాను. "ఎంత ఎదిగినా ఒదిగి ఉంటాడు" అని మా ఊళ్లో నన్ను పొగిడినప్పుడల్లా అది ఇంకాస్త బరువెక్కుతుంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది మానుకోట దగ్గరి గూడూరు పక్కన పల్లె. ఎస్సైనై భూపాలపల్లి వైపు చేరిన ఏడాది దసరాకు ఊరికి పోయాను. సెలవులో ఉన్నా యూనిఫారం వేసుకునే పోయాను. మా దగ్గర ఆ సాయంత్రం చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కుతారు. ఆ రోజు పెద్దవాళ్లే వచ్చి నాకు పెట్టారు. నేను కుర్చీలోంచి లేవలేదు. మా పెద్దనాన్న కొడుకు యాకన్న మాత్రం కదల్లేదు. నన్ను తన ఆటోలో మానుకోటకు కోచింగ్‌కు తిప్పిన మనిషి.

"ఏం తమ్మీ, ఎస్సైవైతే నాకన్న పెద్దోనివైనవా? లే, నాకు మొక్కు" అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, లేచి, జమ్మి పెట్టి మొక్కాను. లోపల ఒళ్లు మండిపోయింది.

జమ్మిచెట్టు దగ్గరి నుంచి తిరిగి ఆయన ఆటోలోనే ఇంటికి వస్తున్నాం, ఇద్దరమే. మక్కచేను పక్కన ఆపమన్నాను. కాలర్ పట్టి కిందికి గుంజాను. మొదటి గుద్దుకే పెదవి పగిలింది. "తమ్మీ, నేన్రా" అన్నాడు. ఎవరో అనుకుని కొడుతున్నాననుకున్నాడేమో. పడిపోయాక బూటుతో తన్నాను. ముఖం మీద. మళ్లీ మళ్లీ. ఎందుకు ఆగలేదు? ఆయన లేకపోతే నేను లేనన్న నిజాన్ని తొక్కేయాలనుకున్నానని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అది కూడా నన్ను నేను వెనకేసుకురావడమే కావచ్చు, ఎందుకంటే తన్నేటప్పుడు నాకు హాయిగా ఉండింది. ఆయాసం వచ్చాకే ఆగాను. నేను పెట్టిన జమ్మి ఆయన గుప్పిట్లోనే ఉంది, రక్తంలో తడిసి.

ఆటోను నేనే పక్క గుంతలోకి తోశాను. దవాఖానలో డాక్టర్ అడిగితే, నేను నోరు తెరిచేలోపే అన్నే చెప్పాడు. "ఆటో బోల్తా పడ్డది సారూ. మా తమ్ముడే ఎత్తుకొచ్చిండు."

ఎడమ కన్ను పోయింది. ఆటో అమ్ముకున్నాడు.

అప్పటినుంచి ప్రతి దసరాకు మామూలు బట్టల్లో ఇల్లిల్లూ తిరిగి జమ్మి పెట్టి పెద్దలందరి కాళ్లూ మొక్కుతున్నాను. జనం మెచ్చుకుంటారు. చివరికి యాకన్న దగ్గరికి పోతాను. నేను వంగగానే ఆయన చేయి నా తల మీదికి రాదు. మిగిలిన కంటికి అడ్డం పోతుంది.

అది ఇన్నాళ్లూ నేనొక్కడినే చూశాను. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. ఆటో బోల్తా పడలేదు. కొట్టింది నేనే. ఇంత చెప్పాక, ఊపిరి కొంచెం ఆడుతోంది.