మూడు బేసుల మా బావ

మా బావ బేసు వాయిస్తాడని చెబితే, "అంటే గిటారా?" అని అడుగుతారు జనం. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. అక్క మొగుడని వెనకేసుకు రావడం కాదు. ఆయన పక్కన డ్రమ్ములు వాయించేవాణ్ణి నేను. కింది స్వరాలు మోగించే ఆయన వేలూ, పెద్ద డ్రమ్మును కొట్టే నా కాలూ కలిసి పడితేనే పాట నిలబడుతుంది.

ఆయన దగ్గర మూడున్నాయి. మనిషెత్తు చెక్క బేసు, నాలుగు తీగల కరెంటు బేసు, అయిదు తీగలది ఇంకొకటి. పెద్దదాని మీద పక్క స్వరానికి చెయ్యి బాగా చాచాలి. చిన్నదాని మీద అంతే చాస్తే స్వరం దాటిపోతుంది. అందుకని మార్చినప్పుడల్లా గోడవైపు తిరిగి, నోరు మూసుకుని స్వరం తీసి, దాన్ని వేళ్లతో వెతుక్కునేవాడు. "గోడతో కాపురం చేస్తున్నాడు" అని అక్క ఏడిపించేది. ఆ కాస్త వ్యవధి దొరికితే చాలు, ఆయనకు తిరుగులేదు.

దాన్ని దొరకనివ్వలేదు మా బృందం నాయకుడు. పాడేదీ ఆయనే, మేం చాటున పిలుచుకునేది జిగేల్ కోటు అని. రోజూ సాయంత్రం హోటల్ హాల్లో మా కచేరీ. "జనం వచ్చేది చూడ్డానికయ్యా, వినడానికి కాదు" అని పాటకో బేసు మార్చమన్నాడు, చొక్కా మార్చినట్టు. మధ్యలో ఆగకూడదట! మా రెండిళ్లూ గడిచేది ఆ కచేరీతోనే కాబట్టి నోరు మూసుకున్నాం.

ఒక సాయంత్రం బావ నాలుగు తీగలది దించి అయిదు తీగలది తగిలించుకున్నాడో లేదో, పాట ఎత్తుకున్నారు. నాలుగు తీగలదానిలో అన్నిటికన్నా పైతీగ ఉండే చోట, అయిదు తీగలదానిలో ఇంకా లావుపాటిది, నేల అదిరేంత కింది స్వరానిది ఉంటుంది. చెయ్యి అలవాటు కొద్దీ దాని మీద పడింది. ఇక పాటంతా ఒక తీగ తప్పే నడిచింది. స్పీకర్లు జనం వైపు ఉంటాయి, మాకు గురగుర తప్ప ఏమీ తెలియదు. నేను ఆయన చేతిని చూసి కనిపెట్టి సైగ చేశాను. కళ్లు మూసుకుని ఉన్నాడు. చివర్లో తెరిచి వేళ్ల వంక చూసుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

చప్పట్లు మాత్రం మోగిపోయాయి.

ఇంటికి వస్తూ బావ ఒకటే గొణుగుడు. "ఒక్కడు కూడా మొహం చిట్లించలేదురా. ఇన్నేళ్లూ నేనెవరికి వాయించినట్టు?"

"నాకు వాయించావు బావా."

"నువ్వు చేతిని చూశావు, వినలేదుగా. పోనీలే, రేపు జిగేల్ కోటు తిడతాడు. తిడితే బాగుండు."

మర్నాడు సాధనలో అదే పాట సరిగ్గా వాయించాడు. జిగేల్ కోటు చెయ్యెత్తి ఆపాడు. తిట్ల కోసం అంత ఆశగా ఎదురుచూసిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

"నిన్నటిలా లేదేంటయ్యా? నిన్న కుర్చీలు అదిరాయి! హోటల్ ఓనరు పొట్టలో తగిలిందన్నాడు. రోజూ అలాగే కొట్టు."

"నిన్నటిది తప్పు, అన్నా."

"తప్పో ఒప్పో, నాకదే కావాలి. కాదంటే నీ బేసు కూడా కీబోర్డుతో లాగించేస్తాను."

బావ బేసును భుజం మీంచి దించాడు. "అది పొరపాటున వచ్చిందన్నా. కావాలని వాయించలేను" అని, బేసును సంచిలో పెట్టి జిప్పు లాగాడు. నేను లేవబోయాను. "కూర్చోరా, ఒక్క ఇల్లయినా గడవనీ" అన్నాడు. మూడింటినీ తనే రెండు విడతలుగా కిందికి మోసుకుపోయాడు.

ఆ సాయంత్రం కీబోర్డు మీట నొక్కితే బేసు వచ్చింది. నా కాలు పడ్డచోట తోడు పడే వేలు లేదు. పాట అయ్యాక జనం నిన్నటికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు.