ఇరవయ్యో పూస

మా అమ్మమ్మ తెరేసమ్మకి ఈ లోకంలో ఇద్దరే శత్రువులు. ఒకటి సైతాను, రెండోది ముందుగదిలో నిలబెట్టిన బుల్లెట్టు. సైతానుని ఎప్పుడూ కళ్లారా చూడలేదు గనక తిట్లన్నీ బుల్లెట్టుకే దక్కేవి.

గుణదలలో వాళ్లది రెండు గదుల పెంకుటిల్లు. ముందుగదికి కిటికీ ఉంది, వెలుతురుంది, గాలి ఉంది. ఈ మూడూ అనుభవించేది మోటారు సైకిలు. వెనక గదిలో పొయ్యి, పొయ్యి పక్కన తెరేసమ్మ కుట్టుమిషను. పేటలో ఆడవాళ్ల జాకెట్లన్నీ కుట్టేది ఆవిడే. ఒకరోజు పక్కింటి మాణిక్యం నలుగురిలో నిలబడి, "జాకెట్టు బాగానే కుదిరింది తెరేసమ్మా. వేసుకున్నప్పుడల్లా చేపల పులుసు వాసనొస్తోంది, అంతే" అంది. ఆ రోజు నించీ ఇంట్లో యుద్ధం.

బుల్లెట్టు మా తాత శౌరయ్యది. ఆయన రైసు మిల్లులో ఇంజను ఫిట్టరు. మిలటరీవాళ్లు పాత ఇనుము కింద వదిలించుకున్న బండిని గోతాల్లో ఇంటికి మోసుకొచ్చి, మూడేళ్లు కూర్చుని ఒక్కొక్క ముక్కా అతికించి నిలబెట్టాడు. బయట పెడితే ఎవడన్నా ఎత్తుకుపోతాడని ముందుగదిలో, మేరీమాత పటం కింద పెట్టాడు. ఫాదర్‌గారు ఇల్లు దీవించడానికి వస్తే గుమ్మంలో మొదట ఎదురైంది బండే. పవిత్రజలం మొదటి చుక్కలు పెట్రోలు ట్యాంకు మీద పడ్డాయి.

"చూశావటే, ముందు దీవెన దానికే!" అని శౌరయ్య మురిసిపోయాడు.

"దానికి దయ్యం పట్టిందని ఆయనకీ తెలిసిపోయింది" అంది తెరేసమ్మ. పెళ్లయి పదహారేళ్లయినా, బండి తిరగడం మొదలై నాలుగేళ్లయినా, ఆవిడ ఒక్కసారి కూడా దాని వెనక సీటు మీద కూర్చోలేదు. గుడికైనా సంతకైనా నడకే.

అది 1974 మార్చి, ఈస్టరు ముందు తపస్సుకాలం. గన్నవరం అవతల యుద్ధం రోజుల్లో వేసి వదిలేసిన పాత సిమెంటు బాట ఒకటి ఉంటే, దాని మీద ఆ చివరికీ ఈ చివరికీ చుట్లు తిరిగే మోటారు సైకిళ్ల రేసు పెడతామని కొందరు పెద్దమనుషులు బయల్దేరారు. శుక్రవారం ప్రాక్టీసు, శనివారం క్వాలిఫయింగు, ఆదివారం రేసు. శౌరయ్య పేరిచ్చేసి వచ్చి, అన్నం ముందు కూర్చుని మెల్లిగా చెప్పాడు.

తెరేసమ్మ గరిటె పక్కన పెట్టింది. "సరే. వెళ్లు. మొదటి ముగ్గురిలో వస్తే బండి ఇంట్లోనే ఉంటుంది. నేనింక నోరెత్తను. రాకపోతే మైలవరం సంజీవరావుకి అమ్మెయ్యాలి. ఆ కిటికీ కింద నా మిషను పెడతా."

మైలవరంలో సైకిలు షాపున్న ఆ సంజీవరావు రెండేళ్లుగా ఆ బండి చుట్టూ ఈగలా తిరుగుతున్నాడు.

"ఒట్టేనా?" అన్నాడు శౌరయ్య.

"నాకెందుకు ఒట్టు? నువ్వెయ్యి."

మేరీమాత పటం ముందు నిలబడి ఒట్టేశాడు. మధ్యలో బండి అడ్డం రావడంతో దాని సీటు మీద చెయ్యేసి వెయ్యాల్సొచ్చింది. ఆ ఒట్టు అమ్మవారికి చెందిందో బండికి చెందిందో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

శుక్రవారం తెరేసమ్మ కేరియరు పట్టుకుని బస్సులో గన్నవరం వెళ్లింది. భర్తకి అన్నం పెట్టడానికని చెప్పింది గానీ, ఎలా ఓడిపోతాడో చూడాలని అసలు సరదా. తీరా వెళ్తే ప్రాక్టీసు ఇంకా మొదలవలేదు. ఆ సిమెంటు మీద వెంకటప్పయ్య అనే రైతు మినుములు ఆరబోసుకున్నాడు. రేసు పెద్ద రామకోటేశ్వరరావుగారు తెల్ల ప్యాంటు వేసుకుని ఆయన్ని బతిమాలుతున్నారు.

"కొంచెం పక్కకి తీయించండి వెంకటప్పయ్యగారూ. గుంటూరు నించి, ఏలూరు నించి బండ్లొచ్చాయి."

"మినుములూ పెదపారుపూడి నించి వచ్చినయ్యండీ" అన్నాడు వెంకటప్పయ్య నేల మీంచి లేవకుండానే. "మా నాన్న హయాం నించీ ఇక్కడే ఆరతన్నయ్యి. మీ బండ్లకి చక్రాలున్నాయిగా, అయ్యే పక్కకి పోతయ్యి."

చివరికి బండ్లే పక్కకి పోయాయి. తిన్నగా ఉన్న బాటలో మినప కుప్ప చుట్టూ ఒక వంపు పుట్టింది. సాయంత్రానికి ఆ వంపుకి పేరు కూడా పడింది, మినుముల మలుపని.

ప్రాక్టీసులో శౌరయ్య చేసిన ఘనకార్యం ఏమిటంటే, ప్రతి మలుపు దగ్గరా కుడిచెయ్యి చాపి సిగ్నలిచ్చాడు. వెనక వచ్చేవాడికి ఇబ్బంది కాకూడదని హారను కూడా కొట్టాడు. భవానీపురం నించి వచ్చిన జక్కయ్య, బస్సులకి రంగులేసే మనిషి, నవ్వు ఆపుకోలేక బండి ఆపేశాడు.

"శౌరి బావా! ఇది బందరు రోడ్డు కాదు. ఇక్కడ వెనకవాడికి దారివ్వకూడదు!"

"అలవాటురా" అన్నాడు శౌరయ్య సిగ్గుపడుతూ.

శనివారం క్వాలిఫయింగు. ఒక్కొక్కరే ఒక చుట్టు తిరగాలి. ఎవరికి తక్కువ టైము పడితే వాళ్లు రేసులో ముందు నిలబడతారు. హైస్కూలు డ్రిల్లు మాస్టారి దగ్గర తెచ్చిన స్టాపువాచీ రామకోటేశ్వరరావుగారి మెళ్లో వేలాడుతోంది. ఏడుగురిలో శౌరయ్యకి అయిదో చోటు దక్కింది. సిగ్నలివ్వకుండా ఆపుకున్నాడు గానీ, రెండుసార్లు చెయ్యి సగం లేచి దిగింది. జక్కయ్యది నాలుగో చోటు.

ఆ సాయంత్రం తెరేసమ్మ టేపు తీసి ముందుగది కొలిచింది. కిటికీ కింద మిషను, పక్కన గుడ్డల పెట్టె, గోడకి అద్దం. బండి అడ్డమొచ్చిన చోట, అది లేనట్టే టేపుని దాని మీంచి పోనిచ్చింది. అప్పుడే శౌరయ్య తల గోక్కుంటూ వచ్చాడు.

"రేపు నువ్వే రావాలే. ప్రతివాడూ తన చుట్లు లెక్కపెట్టే మనిషిని తనే తెచ్చుకోవాలంట. ఇరవయ్యో చుట్టు అవగానే ఆ మనిషి ఎర్ర తువ్వాలు ఊపాలి, అప్పుడు ఆగాలి. జాన్‌బాబుని అనుకున్నా. వాడికి గుడిలో రెండో పూజకి హార్మోనియం వాయించేది ఉందంట."

"బండి పోవాలని కోరుకునేదాన్ని నేను. నన్ను లెక్కపెట్టమంటావా?"

"నువ్వు అబద్ధం లెక్క చెప్పవు కదే."

తెరేసమ్మ టేపు చుట్టేసింది. పొగిడితే ఆవిడ నోరు పడిపోతుంది. అది తాతకి పెళ్లినాటి నించీ తెలుసు.

ఆదివారం మొదటి పూజ చూసుకుని అటునించి అటే బస్సెక్కింది. లెక్కకి కాగితం పెన్సిలూ తేలేదు. చేతిలో జపమాల ఉండగా అవెందుకు? పెద్ద పూసలు వదిలేసి చిన్న పూసలే లెక్క. చుట్టుకొక పూస. పదేసి పూసల గుత్తులు రెండయితే ఇరవై. పాతికేళ్లుగా ఆ పూసలు తిప్పుతోంది, ఒక్కనాడూ తప్పు పోలేదు.

ఆవిడ బెంచీ మీద సర్దుకుంటుంటే జక్కయ్య బండి తోసుకుంటూ వచ్చాడు. "ఏమక్కా, నీకంత కష్టమెందుకు? ఒక చుట్టు ముందే తువ్వాలు ఊపెయ్. బావ ఆగిపోతాడు, బండి మైలవరం పోద్ది, నీ మిషను కిటికీ కిందకొచ్చుద్ది."

"తపస్సుకాలంలో నాచేత పాపం చేయించకురా జక్కిగా! పో!" అంది తెరేసమ్మ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్లలో సంజీవరావు కూడా ఉన్నాడు. బండి తోలుకుపోవడానికి ముందే సిద్ధమై, సంచిలో తుడిచే గుడ్డ కూడా తెచ్చుకున్నాడు.

జెండా ఊపారు. ఏడు బండ్లూ ఒక్కసారి అరిచాయి. గుంటూరు కుర్రాడు, ఏలూరు కుర్రాడు ముందే ఎగిరిపోయారు, వాళ్లని అందుకోవడం ఎవరి తరమూ కాదు. మూడో చోటు కోసమే అసలు రేసు. ఆరో చుట్టులో మూడో చోట ఉన్న బండి గొలుసు తెగింది. తొమ్మిదో చుట్టులో శౌరయ్య జక్కయ్యని దాటేశాడు. ఇప్పుడు ఆయన మూడోవాడు. తెరేసమ్మ ముఖం ముడుచుకుని తొమ్మిదో పూస జరిపింది.

పన్నెండో చుట్టులో గుంటూరు కుర్రాడి చక్రం మినప కుప్ప అంచు తొక్కింది. గింజలు సిమెంటు మీద పరుచుకున్నాయి. వెంకటప్పయ్య గావుకేక పెట్టాడు. వెనకే శౌరయ్య వచ్చాడు. గింజల మీద చక్రం జారింది. బండి ఒక పక్కకి ఒరిగిపోయి, ఆయన మోకాలు నేలని రాసుకుంటూ పోయింది.

తెరేసమ్మ కళ్లు మూసుకుంది. పూసకొకసారి మేరీతల్లికి చెప్పుకునే మంగళవార్త జపం మొదటి మాట నించి ఆమెన్ దాకా ఒకే ఊపిరిలో చెప్పేసింది. ఆమెన్ దగ్గర బొటనవేలు పాతికేళ్ల అలవాటు ప్రకారం ఒక పూస ముందుకి తోసింది. ఆ సంగతి వేలికి తెలుసు గానీ తెరేసమ్మకి తెలియదు. కళ్లు తెరిచేసరికి శౌరయ్య పడలేదు. బండిని నిలబెట్టుకుని, కంగారులో కుడిచెయ్యి చాపి సిగ్నలు కూడా ఇచ్చేసి వెళ్లిపోతున్నాడు.

తరవాత అంతా సాఫీగా సాగింది. జక్కయ్య సగం చుట్టు వెనకబడ్డాడు. తెరేసమ్మ వేలు ఇరవయ్యో పూస మీదికొచ్చింది. భర్త మూడో చోట గెలిచాడు, కిటికీ పోయింది, మిషను పొయ్యి పక్కనే. అయినా నిజం నిజమే. లేచి నిలబడి ఎర్ర తువ్వాలు ఊపింది.

శౌరయ్య రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, బండి పక్కకి తీసి, ఇంజను ఆపేసి, గోలీసోడా అడిగాడు.

బల్ల దగ్గర్నించి రామకోటేశ్వరరావుగారు లేచారు. "ఏమయ్యా శౌరయ్యా, ఆగావేం? మా కాగితంలో నీకు పందొమ్మిదే అయ్యాయి!"

"నా పూసలు అబద్ధమాడవండి" అంది తెరేసమ్మ.

"మా కాగితమూ ఆడదమ్మా."

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. "పొద్దున జక్కయ్య చెప్పిన మాటే విన్నట్టుంది!" సంజీవరావు గుడ్డ తీసి దులిపాడు.

తెరేసమ్మ పూసల వంక చూసింది. మినుములు గుర్తొచ్చాయి. ఒరిగిన బండి గుర్తొచ్చింది. ఆమెన్ గుర్తొచ్చింది.

"ఏమయ్యా! ఎక్కు! ఇంకో చుట్టుంది!" అంటూ పరిగెత్తింది. శౌరయ్య సోడా వదిలేసి బండెక్కి కిక్కు కొట్టాడు. వేడెక్కిన బుల్లెట్టు పలకలేదు. నాలుగు కొట్టాడు, అయిదు కొట్టాడు. తెరేసమ్మ జపమాల మెళ్లో వేసుకుని, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, నాలుగేళ్లుగా చెయ్యి కూడా వెయ్యని ఆ దయ్యాన్ని వెనకనించి తోసింది. చెప్పు తెగింది. ఇంకో చెప్పు విసిరేసి తోసింది. ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది. అప్పటికే జక్కయ్య పక్కనించి రివ్వున దూసుకుపోయాడు.

శౌరయ్య నాలుగో వాడుగా వచ్చాడు. అదీ నిలవలేదు. బండిని ఇంకొకరు తోశారు గనక రూలు ప్రకారం పేరే కొట్టేశారు. ఆపిందీ ఆవిడే, తోసిందీ ఆవిడే. కావాలని ఓడించినా ఇంత చక్కగా కుదరదు.

శౌరయ్య బండి దిగాడు. ట్యాంకు మీద దుమ్ము చొక్కాతో తుడిచాడు. జేబులోంచి తాళం తీసి సంజీవరావు చేతిలో పెట్టాడు. "చల్లటి పొద్దుల్లో రెండు కిక్కులు ఎక్కువ అడుగుద్ది. తిట్టమాకండి" అన్నాడు.

"తాళం ఇటివ్వండి సంజీవరావుగారూ" అంది తెరేసమ్మ.

"అదేంటమ్మా! మాట అనుకున్నారుగా?"

"అనుకున్నది ఆయన ఓడిపోతే అని. ఓడిపోయింది నా లెక్క." చుట్టూ ముప్పై మంది చూస్తున్నారు. ఆవిడకి చెవులు ఎర్రబడ్డాయి. "పన్నెండో చుట్టప్పుడు ఒక పూస ఎక్కువ జరిగింది. అది చుట్టుది కాదు. మేరీతల్లిది."

శౌరయ్య మొహం పెట్రోమాక్సు లైటులా వెలిగింది. "నా కోసం జపం చేశావటే?"

"నీ కోసం ఎవరు చేశారు? పాపం ఆ రైతు మినుములు పాడైపోతున్నాయని చేశా."

"నా మినుముల మీద ఇంత దయ ఎవరికీ కలగలేదమ్మా" అన్నాడు వెంకటప్పయ్య, ఒక్కొక్క గింజా ఏరుకుంటూ. జక్కయ్య నవ్వి నవ్వి నేల మీద కూర్చున్నాడు. సంజీవరావు తాళం తిరిగిచ్చి, గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

చెప్పులు లేవు. ఎండకి సిమెంటు కాలుతోంది, బస్సు స్టాపు మైలున్నర. తెరేసమ్మ కాసేపు ఒంటికాలు మీద, కాసేపు ఇంకో కాలు మీద నిలబడి చూసింది. చివరికి కేరియరు ఒళ్లో పెట్టుకుని, బుల్లెట్టు వెనక సీటు మీద పక్కకి కూర్చుంది. గుణదల దాకా ఒక చేత్తో కేరియరు, ఇంకో చేత్తో సీటు వదలకుండా పట్టుకుంది. ఇంటి సందు తిరిగేటప్పుడు మాత్రం శౌరయ్యకంటే ముందు ఆవిడే చెయ్యి చాపింది.

దిగగానే టేపు తీసింది. ఈసారి బండి మీంచి కాకుండా బండిని కూడా కలిపి కొలిచింది. బండిని గోడకి ఆనించి, హ్యాండిలు ఎడమకి తిప్పి పెడితే, కిటికీ కింద మిషను సరిగ్గా పడుతోంది. నాలుగేళ్ల యుద్ధం హ్యాండిలు తిప్పితే తీరిపోయేదని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

వారం తిరిగేసరికి మాణిక్యం కొత్త జాకెట్టు కోసం వచ్చింది. అది బుల్లెట్టు హ్యాండిలుకి వేలాడుతోంది. తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చేపల పులుసు పోయింది గానీ తెరేసమ్మా, ఇప్పుడు పెట్రోలు వాసనొస్తోంది."

తెరేసమ్మ మిషను మీంచి తల ఎత్తలేదు. "వేసుకుని నడిచి చూడు. గబగబా పోతావు."