సాపు కాగితంలో రాయని మోటారు

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. పత్తి మిల్లులో కాటా దగ్గర గుమస్తాని. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. పత్తి నింపిన బోరేల మీద సుద్దముక్కతో వేసుకుంటూ నేర్చుకున్నాను. నా లెక్క తప్పిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. అప్పుడూ తప్పలేదు. అదే నా బాధ.

నలభై రెండో ఏట ప్రత్తిపాడు అవతల ఒక ఊళ్లో పాత ఇల్లు కొన్నాను. అంతకుముందు ఆ ఇంటి వసారాలో కారం మర ఆడేది. యజమాని వసారా ఖాళీ చేసి ఇల్లు మాకు అమ్మాడు. మరనూ మోటారునూ తన దగ్గర పదేళ్లు పనిచేసిన నాగరత్నమ్మకు ఇచ్చేశాడు. ఆవిడ ఒంటరి మనిషి. మా గోడ అవతలే రేకుల పాక. మేము పాలు పొంగించిన రోజునే వచ్చి అడిగింది, తన పేరున కరెంటు సర్వీసు వచ్చేదాకా మా మీటరు నుంచి ఒక తీగ ఇవ్వమని. కొత్త ఇంట్లో తొలిరోజు ఎవరేమడిగినా లేదనకూడదని మా అమ్మ అనేది. సరేనన్నాను. తీగ నేనే కొన్నాను. నేనే గోడెక్కి అవతలి కొస ఆవిడ చేతికి అందించాను. బదులుగా మా ఇంటికి ఏడాదికి సరిపడా కారం ఆడించి ఇస్తానంది.

రెండు నెలలకు బిల్లు వచ్చింది. ఇంటి రేటు కాదు, వ్యాపారం రేటు. మర ఉన్నప్పుడు వేసిన రేటును ఎవరూ మార్చలేదు.

కట్టలేనంత మొత్తమా? కాదు. మరి అంత కోపం ఎందుకు వచ్చింది? ఇరవై ఏళ్లు అద్దె గదుల్లో ఉండి సొంత గడపలో కాలుపెట్టినవాడికి, ఇది ఇల్లు కాదు, కొట్టు అని ఎవరో కాగితం మీద చెప్పినట్టు తోచింది. అంతే. ఆ ఉక్రోషంలో, నా మీటరు మీద ఒక మర నిజంగానే ఆడుతోందన్న సంగతి మర్చిపోయాను అని రాద్దామనుకున్నాను. మర్చిపోలేదు. పొద్దున్నే ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

అర్జీ రాశాను. ముందు చిత్తు. ఆరు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో. ఏది ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు. ఆఖరి వరసలో ఒక హార్స్‌పవర్ మోటారు, రోజుకు మూడు గంటలు. కూడితే మీటరు చూపిన యూనిట్లకు ఇంచుమించు సరిపోయింది. అప్పుడు సాపు కాగితం తీశాను. అందులో ఆఖరి వరస లేదు. ఆ వరస లేకపోతే మీటరు అబద్ధం చెబుతున్నట్టే కనిపిస్తుంది. మాది నివాసగృహమనీ, రేటు మార్చి, మీటరు కూడా పరీక్షించాలనీ రాసి సంతకం చేశాను. మీటరు పరీక్షించమని ఎందుకు అడిగాను? అడగకపోతే ఎవరూ వచ్చేవారు కాదేమో. నా లెక్క ఎవరైనా చూసి మెచ్చుకోవాలని ఉంది నాకు. అది కూడా చెప్పాలి మీకు.

మిరపకాయల రోజుల్లో కరెంటు ఇంజనీరు గారు లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. నా అర్జీ ఆయన చేతిలోనే ఉంది. "ఇది మీరే వేశారా? మావాళ్లు కూడా ఇంత నీటుగా వెయ్యరండీ" అన్నారు. నా ఛాతీ పొంగింది. అప్పుడే మీటరు దగ్గర్నుంచి లైన్‌మన్ కేకేశాడు.

"సార్, ఇక్కడో తీగ గోడ దూకిందండీ!"

ఇంజనీరు గారు నా వైపు తిరిగారు. "ఇదేంటండీ?"

"నాకు తెలీదండీ."

"మీ మీటరు నుంచే కదా పోయింది?"

"మేమొచ్చి మూడు నెలలేనండీ. ముందు నుంచీ ఉందేమో."

లైన్‌మన్ నవ్వాడు. "భలేవారే. కొత్త పెళ్లికూతురులా మెరిసిపోతా ఉంటేనూ!"

అవతల మర ఆగిపోయింది. నాగరత్నమ్మ గోడ దగ్గరకొచ్చింది. ముక్కుకు గుడ్డ, మోచేతుల దాకా కారం. నన్ను చూసింది. నేను అర్జీ వైపు చూశాను.

"ఆయన్ని అడుగుతారేంది బాబూ? పొద్దున పోతే దీపాలేళకి గానీ ఇల్లు చేరడు. నేనే తగిలించుకున్నా."

"దొంగ కరెంటమ్మా ఇది. కేసవుద్ది" అన్నాడు లైన్‌మన్.

"అయితే అయిద్ది. ఆడది గోడెక్కలేదనుకున్నారా ఏంది?"

గోడ దగ్గర్నుంచి మా గేటుకు ఇరవై మూడు అడుగులు. ఇంజనీరు గారు నడుస్తుంటే లెక్కపెట్టాను. ఏ అడుగు దగ్గరైనా నోరు తెరవచ్చు. ఒక్క మాట చాలు. లెక్కపెట్టడం మాత్రమే చేశాను.

ఆ సాయంత్రమే మోటారు తీసుకుపోయారు. కేసు తేలేదాకా ఆవిడ పేరున సర్వీసు ఇచ్చేది లేదన్నారు. నెల తిరక్కుండా నాకు ఇంటి రేటు ఖాయం చేస్తూ కాగితం వచ్చింది. ఆ వారంలోనే నాగరత్నమ్మ పాకకు తాళం వేసింది. దర్శి వైపు చెల్లెలి ఊరికి, మిరప చేలల్లో కూలికి పోతోందని విన్నాను. పోతూ మా గేటు దగ్గర ఆగింది.

"లెక్క కుదిరిందంటగా గుమస్తా గారూ. మంచిది."

ఎత్తిపొడుపా? ఏడేళ్లుగా ఆ మాటను కాటాలో వేసి చూస్తూనే ఉన్నాను. నా కోసం ఆవిడ ఎందుకు అబద్ధమాడింది? నాకు తోచింది ఒకటే. వాళ్లు వెళ్లాక నేనే ఆఫీసుకు పోయి నిజం చెప్పి మోటారు విడిపిస్తానని నమ్మింది. నలుగురిలో నా పరువు కాపాడి, నాకు వ్యవధి ఇచ్చింది. నేను ఆ వ్యవధిని వాడుకోలేదు. మొదటి వారం భయం. తరువాత సిగ్గు. ఆ తరువాత అలవాటు.

ఊళ్లో నాకు పేరొచ్చింది. "కరెంటాఫీసునే కదిలించాడ్రా!" అన్నారు. బిల్లులు పట్టుకుని నా అరుగు మీదకు వస్తున్నారు. వాళ్లకు అర్జీలు రాస్తున్నాను. ఒక్కటీ తప్పు రాయలేదు. దానివల్ల నా అప్పు ఏమైనా చెల్లిందా? లేదు. ఎవరైనా నన్ను పొగుడుతుంటే నా భార్య లేచి లోపలికి పోతుంది. గోడ మీదుగా నేను తీగ అందిస్తున్నప్పుడు నా కింద బల్ల పట్టుకున్నది ఆమే. ఆ ఏడు నుంచి మా ఇంట్లో కారం బజారు నుంచి వస్తోంది.

ఒకసారి దర్శి దాకా వెళ్లాను. బస్టాండులో టీ తాగి, తిరుగు బస్సు ఎక్కాను. ఆవిడ ఊరు తెలియదని నాకు నేనే చెప్పుకున్నాను. పదిమందిని అడిగితే తెలిసేది. ఒక్కరినీ అడగలేదు.

మీరు నన్ను మన్నించాలని ఇది రాయడం లేదు. అది మీ చేతిలో లేదు. ఒక మాట మాత్రం ఎక్కడో ఒకచోట నా చేత్తో రాసి ఉండాలి.

తీగ ఇచ్చింది నేను. నాగరత్నమ్మ దొంగ కాదు.