స్నానాల తొట్టిలో చేపబొమ్మ

మా అన్నయ్య క్లెటస్ పోయే ముందు చేసిన పని స్నానాల తొట్టి నింపడం. స్నానానికి కాదు. గాలానికి ఎరగా వాడే వేలెడంత చెక్క చేపబొమ్మను దారానికి కట్టి, తొట్టిలో ఈ కొస నుంచి ఆ కొసకు లాగి, అది తిన్నగా ఈదుతోందో లేదో చూడటానికి. పక్కన స్టూలు మీద ఇర్మా వదిన. పక్షవాతం వచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటలు అయిదో ఆరో మిగిలాయి.

ఇదంతా నేను ఫోన్లో విన్నాను. నీళ్ల చప్పుడు, తర్వాత వదిన గొంతు. "ఎడమ."

"ఎడమకే లాగుతోంది, అవును," అన్నాడు అన్నయ్య ఆమెతో. పట్టకారుతో బొమ్మ ముక్కు దగ్గరున్న తీగను వెంట్రుకవాసి కుడికి వంచి ఉంటాడు. మళ్లీ నీళ్ల చప్పుడు. "ఇప్పుడు తిన్నగా పోయింది. ఒరేయ్ లెరోయ్, శనివారం వస్తున్నావా?"

"తూర్పు గాలి, సరస్సులో అలలు లేస్తాయంటున్నారన్నయ్యా. పై వారం చూద్దాం."

"గాలి కొట్టేది నా పడవకురా, నీ కారుకు కాదు."

"పోనీ ఒక నర్సును మాట్లాడతాను. నువ్వు నిశ్చింతగా వెళ్లిరా."

"నర్సుతో అయ్యే పని కాదు. మనిషి కావాలి. ఒక్క పొద్దు చాలు. సరే, పై వారం. కాఫీ పెట్టుకోవాలి, ఉంటాను."

కాఫీ పొయ్యి మీదే ఉంది. వదిన కేకలు విని పక్కింటి ఎమిల్ వచ్చేసరికి అన్నయ్య వంటింటి నేల మీద ఉన్నాడు. గుండె ఆగిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్లు అన్నయ్య ఆల్గోమాలో తలుపుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అన్నేళ్లూ రేవు కట్ట మీద నిలబడే గాలం వేశాడు. మిషిగన్ సరస్సులోకి పోయే పడవలను చూస్తూ, రిటైరైన రోజున తనూ పోతానని అందరికీ చెప్పేవాడు. రిటైరయ్యాడు, పదహారు అడుగుల రేకు పడవ కొన్నాడు. ఆ నెలలోనే వదిన పడిపోయింది.

మంచు కరిగిన కొత్తలో బ్రౌన్ ట్రౌట్ చేపలు ఒడ్డుకు వస్తాయి. ఏటి నీళ్లు సరస్సులో కలిసేచోట కాస్త వెచ్చగా, మట్టిరంగుగా ఉంటుంది, అక్కడ నిలువెత్తు లోతులోనే తిరుగుతాయి. పడవను మనిషి నడక వేగంతో పోనిస్తూ, చేపబొమ్మలను వెనకాల నూరడుగుల దూరంలో లాక్కుపోవాలి. నాలుగైదు వారాలు, అంతే. నీళ్లు వేడెక్కితే చేపలు లోతుకు దిగిపోతాయి. మొదటి వసంతం అలాగే పోయింది. రెండోదీ పోయింది. ఇది మూడోది.

వదిన పిలిస్తే వినబడాలని ఆమె మంచం పక్కన చిన్నపిల్లల గదిలో పెట్టే మైకు ఉండేది. దాని స్పీకరు అన్నయ్య నడుముకు. అది ఇంటి ముందు రోడ్డు పక్కనున్న ఉత్తరాల డబ్బా దాకా వినిపిస్తుంది, అడుగు దాటితే గరగర. అన్నయ్య లోకం అక్కడితో సరి. అక్కడ నిలబడితే సరస్సు వినిపిస్తుంది, కనిపించదు.

అందుకని పడవ వెనక బొమ్మలు లాగే ఈ ట్రోలింగ్ పెరట్లోనే నేర్చుకున్నాడు. పీపాలో నీళ్లు పోసి మోటారు నడిపేవాడు. దారం కొసకు చెక్కముక్క కట్టి, గడియారం చూసుకుంటూ గడ్డి మీద లాగుతూ నడిచేవాడు. కాళ్లకు ఆ వేగం అలవాటు కావాలట.

"ఏం క్లెటస్, ట్రౌట్లు పడుతున్నాయా?" అని ఎమిల్ కంచె మీంచి అడిగేవాడు.

"నిన్న రెండు పడ్డాయి. నీ కుక్క ఎత్తుకుపోయింది."

నేనుండేది గ్రీన్ బేలో, నలభై నిమిషాల దూరం. ఈ వసంతంలో రమ్మన్న మొదటి శనివారం మంచుపెళ్లలు తేలుతున్నాయన్నాను. రెండో శనివారం, ముందురోజు చర్చి హాల్లో చేపల వేపుడు వడ్డించి నడుం పట్టేసిందన్నాను. మూడోసారి గాలి. వదినను పరాయివాళ్ల చేతుల్లో పెట్టడం ఇష్టంలేక నన్ను రమ్మంటున్నాడనుకున్నాను. మొండితనం అనుకున్నాను.

అంత్యక్రియలయ్యాక, చర్చి వాళ్లు పెద్ద డేగిసాలో కాచిన కోడికూర పులుసు తిని, ఎమిల్, నేనూ పడవను షెడ్లోకి లాగబోయాం. పడవ మీద కప్పిన పట్టా తీస్తే మధ్యలో ఇనుప కాళ్ల కుర్చీ, బోల్టులతో బిగించి ఉంది. నడుముకు బెల్టు. కుడివైపు చెయ్యి ఆన్చుకోవడానికి వెడల్పాటి పలక, మీద దిండుగుడ్డ.

"ఇదేమిటి?"

"ఇర్మా కుర్చీ," అన్నాడు ఎమిల్. "నేనే వెల్డింగు చేశా. స్నానాలగది స్టూలు కొలతే. రేవులో ఆమెను ఎత్తి పడవ ఎక్కించడానికి ఇద్దరు కావాలి. నేను పడతానంటే నీ మోకాళ్ల నొప్పులతో ఏం పడతావులే, మా తమ్ముడొస్తాడన్నాడు."

నాకు ముందే చెప్పి ఉంటే ఒద్దనేవాణ్ణి.

కుర్చీ వెనక్కి తిరిగి ఉంది. పొరపాటున బిగించావేమో అన్నాను.

"ముందుకే బిగించా. విప్పించి తిప్పించాడు," అన్నాడు ఎమిల్. "బొమ్మలు వెనకాల కదా వచ్చేది. ఏది ఎటు లాగుతోందో ఆమె చెబుతుందన్నాడు."